కరోనర్ నాకే ఫోన్ చేసింది

ఫిబ్రవరి 6

లూసియన్ పోయాడు.

పోలీసాయన నా తలుపే కొట్టాడు. కొత్తగా వచ్చినవాడు, ఈ ఊళ్ళో ఎవరు ఎవరితో ఉంటున్నారో పాపం ఇంకా తెలియదు. లూసియన్ లైసెన్సు మీద ఇప్పటికీ ఈ ఇంటి చిరునామాయే ఉంది. నన్నొదిలేసి ఆ మార్లీన్ పంచన చేరి ఏడేళ్ళయినా చిరునామా మాత్రం మార్చలేదు. బద్ధకం అంటారు జనం. అననీ. ఎందుకు మార్చలేదో నాకు తెలుసు.

గడ్డకట్టిన సరస్సు మీద తన గుడిసెలో, చేపల కోసం తొలిచిన కన్నం పక్కన, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పక్క గుడిసె ఆర్మాన్ కాఫీకి పిలుద్దామని వెళ్ళి చూశాడట. హీటరు ఇంకా వెలుగుతూనే ఉందట.

"మీరు భార్య కదండీ?" అన్నాడు పోలీసాయన టోపీ తీసి.

"అవును," అన్నాను. అందులో అబద్ధమేముంది? చర్చిలో అయిన పెళ్ళి. విడాకులకి చర్చి ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోలేదు.

మార్లీన్‌కి మాత్రం ఎర అమ్మే కొట్లో, నలుగురి మధ్య నిలబడి ఉండగా తెలిసిందట. నాకే ముందు చెప్పారు. ఇలాంటిది రాయకూడదు గానీ, ఆ సంగతి వినగానే కాస్త ప్రాణం కుదుటపడింది.

ఫిబ్రవరి 7

ఇవాళంతా ఏడ్చాను. పొయ్యి మీద బఠాణీ సూపు మాడి గిన్నె నల్లబడింది.

ఫిబ్రవరి 8

కరోనర్ ఫోన్ చేసింది. ఇలా హఠాత్తుగా పోయినవాళ్ళు ఎందుకు పోయారో తేల్చే డాక్టరు. పేరు హెల్డర్ అట. మెత్తగా మాట్లాడుతుంది. శరీరాన్ని పరీక్షకి పెద్ద ఊరికి పంపారట, కోసి చూస్తారట. ఇంట్లోవాళ్ళకి ఏమైనా అభ్యంతరమా అని అడిగింది. ఇంట్లోవాళ్ళు అంటే నేనే.

"ఆయన ఆరోగ్యం ఎలా ఉండేదమ్మా?"

"గుండ్రాయిలా ఉండేవాడు."

"మందులేమైనా వాడేవారా?"

"మందులా! తలనొప్పి మాత్ర చేతిలో పెడితే కిటికీలోంచి పారేసే రకం."

"ఈమధ్య ఆయాసంగానీ, ఛాతీలో నొప్పిగానీ?"

"అబ్బే."

"మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"కిందటి వారం," అన్నాను.

చూసిన మాట నిజమే. పెట్రోలు బంకులో. నేను లోపల కిటికీ దగ్గరున్నాను, ఆయన బయట ట్రక్కులో పోయించుకుంటున్నాడు. ఆయన నన్ను చూడలేదు. డాక్టరు అడిగింది నేను చూశానా అనే కదా.

ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఆ ప్రశ్నలన్నిటికీ ఎంత చకచకా చెప్పానో అని. ఎన్నేళ్ళు కాపురం చేశాను మరి.

ఫిబ్రవరి 10

మహాతల్లి వచ్చింది. ఏడేళ్ళలో మొదటిసారి నా గుమ్మం తొక్కింది.

కూర్చోమనలేదు. అయినా కూర్చుంది. జుట్టు కత్తిరించుకోవడానికి ఊళ్ళోవాళ్ళు కూర్చునే కుర్చీ అది, అద్దానికి ఎదురుగా ఉంటుంది. అద్దంలో తన మొహం చూసుకుని తల దించేసుకుంది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఇవాళ చూస్తే అలా లేదు.

"ఒడెట్ గారూ, కాగితాల మీద నేనెవర్నీ కాను. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. చెప్తే మీకే చెప్తారు. ఒక్క మాట డాక్టర్ని అడిగి చెప్తారా?"

"ఏం మాట?"

"హీటరు గ్యాసు వల్లనా అని."

అప్పుడు చెప్పింది. ఆ రోజు పొద్దున్న ఆయనతోపాటు తనూ సరస్సు మీదికి వెళ్ళిందట. గాలి కొడుతోందని పార తీసుకుని గుడిసె అడుగు చుట్టూ మంచు ఎగదోసిందట. ఇక్కడ అందరూ చేసే పనే, అంచుల కింద నుంచి గాలి దూరకుండా. కానీ గాలి వచ్చే కన్నం కూడా ఆ అడుగునే, వెనకవైపు ఉంటుంది. దాన్ని వదిలేసి కప్పాలి. వదిలిందో, దాని మీద కూడా వేసేసిందో గుర్తు లేదట.

"ఆలోచించిన కొద్దీ వేసేసినట్టే కనిపిస్తోందండీ. కన్నం మూసుకుపోతే పొగ లోపలే నిండిపోతుంది కదా. అదే అయితే నేనే చంపుకున్నట్టు. ఆయనకి కాళ్ళు చల్లబడతాయని, అందుకని..."

ఆయనకి కాళ్ళు చల్లబడతాయట! నాకు చెప్తోంది! ఆ ఐసు ముక్కల్లాంటి పాదాలు ఇరవై రెండు చలికాలాలు నా పిక్కలకి ఆనించుకుని పడుకున్న మనిషి ఆయన. ఒళ్ళు మండిపోయింది.

"అడుగుతాలే," అన్నాను. టీ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 12

శరీరం తిరిగి వచ్చింది. అంత్యక్రియలవాళ్ళు చూడమన్నారు. నా సూటు వేశారు, అంటే నేను పంపిన సూటు.

మెడ వెనక జుట్టు మెట్లు మెట్లుగా ఉంది. ఎవరు కత్తిరించారో వేరే చెప్పాలా? ఈ ఊళ్ళో సగం తలలు నా చేతి కింద పెరిగాయి, నా మొగుడి తల మాత్రం వంటింటి కత్తెరకి అప్పజెప్పుకున్నాడు. నా సంచీలో కత్తెర ఉంది. సరిచేస్తానంటే వాళ్ళు వద్దనేవాళ్ళు కాదు.

చెయ్యి రాలేదు.

ఫిబ్రవరి 13

డాక్టర్ హెల్డర్ మళ్ళీ ఫోన్ చేసింది.

గ్యాసు కాదు. మొదట చేసేది ఆ రక్తపరీక్షేనట, రక్తంలో ఆ పొగ ఆనవాలే లేదు. గుండె. రక్తనాళం పూడుకుపోయిందట. క్షణాల్లో అయిపోయి ఉంటుంది, బాధ తెలిసి ఉండదు అంది. పూర్తి నివేదిక రావడానికి నెలలు పట్టినా ఇది మాత్రం మారదు అంది.

తర్వాత, "ఆయన మూడేళ్ళ నుంచి గుండెకి మందులు వాడుతున్నారమ్మా. మీకు తెలియదా?" అంది.

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఆయనతో ఎవరైనా ఉంటున్నారా?" గొంతులో తప్పుపట్టడం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

"ఉందొకావిడ."

"పెళ్ళి కాకపోయినా కలిసి కాపురం చేసినవాళ్ళకి కూడా మమ్మల్ని అడిగే హక్కు ఉందమ్మా. మీకెంత ఉందో ఆవిడకీ అంతే. చాలామందికి ఈ సంగతి తెలియదు, కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే అనుకుని ఊరుకుంటారు. నా నంబరు ఆవిడకి ఇస్తారా? లేకపోతే నన్నే చేయమంటారా?"

"మీకెందుకు శ్రమ. నేను చెప్తాను."

"తప్పకుండా చెప్పండి. ఇలాంటప్పుడు వెనకాల ఉన్నవాళ్ళు ఏవేవో తమ మీద వేసుకుంటారు."

మీకెంత ఉందో ఆవిడకీ అంతేనట. పెళ్ళి, పేరు, చర్చి, అత్తగారి చావుకి నేను కుట్టిన నల్లగౌను, అన్నీ ఒకవైపు. ఏడేళ్ళు పక్కలో పడుకోవడం ఒకవైపు. రెండూ సమానమేనట.

రేపు చెప్తాను.

ఫిబ్రవరి 14

మార్లీనే ఫోన్ చేసింది. "ఏమైనా చెప్పారా అండీ?"

"నివేదిక ఇంకా రాలేదు. నెలలు పడుతుందట," అన్నాను.

నివేదిక రాని మాట నిజమే కదా.

ఫిబ్రవరి 15

అంత్యక్రియలు. గడ్డకట్టిన నేల కరిగేదాకా పూడ్చడం ఉండదు కాబట్టి చర్చిలో పూజ ఒక్కటే. ముందు వరసలో నేను కూర్చున్నాను. ఆవిడ వెనక, తలుపు దగ్గర, కోటు కూడా విప్పకుండా నిలబడింది. ఫాదర్ నా చేతులు పట్టుకున్నాడు. అందరూ నా చేతులే పట్టుకున్నారు. తర్వాత కింద హాల్లో మాంసం పైలు, శాండ్విచ్‌లు పెడితే ఆవిడ దిగి రాలేదు.

ఎంత బాగా జరిగిందో అనుకుంటూ ఇంటికి వచ్చాను. వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాను.

ఫిబ్రవరి 20

చెప్పలేదు. పని ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 22

రీటా జుట్టుకి రంగు వేయించుకోవడానికి వచ్చింది. తల నా చేతిలో ఉన్నంతసేపూ నోరు మూయదు.

"ఆవిడే గాలికన్నం మీద మంచు కప్పేసిందటగా? పచారీ కొట్లో అనుకుంటున్నారు. వేరే ఊరిది, దానికేం తెలుసు పాపం. ఔనా ఒడెట్? కరోనర్ ఏమంది?"

"తల కదపకు," అన్నాను.

"అంటే నిజమేనన్నమాట!"

నేను ఔననలేదు. కాదనీ అనలేదు. ఊరి నోరు నేను మూయిస్తానా?

రీటాకి రంగు చక్కగా పట్టింది.

ఫిబ్రవరి 25

మూడేళ్ళుగా మాత్రలు. మింగించడానికి ఆవిడ ఏం చేసేది? బతిమాలేదా? నేను బతిమాలితే పారేసేవాడు కదా.

మార్చి 2

పచారీ కొట్లో మార్లీన్ కనపడింది. చేతిబుట్టలో ఒక్క బ్రెడ్డు. కోటు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంది. ఆవిడ వస్తుంటే జనం దారి ఇచ్చి పక్కకి జరుగుతున్నారు, మర్యాదకి కాదు.

ఇవాళ చెప్పేద్దామనే దగ్గరికి వెళ్ళాను. ఒట్టు. నోటిదాకా వచ్చింది. అప్పుడు చూశాను, కోటు లోపల ఆయన ఎర్రగళ్ళ ఉన్ని చొక్కా తొడుక్కుని ఉంది. ఆ చొక్కా నేను కొన్నది. ఒక క్రిస్మస్‌కి నేను కొని, చేతులు పొడుగైతే నేనే మడిచి కుట్టి ఇచ్చినది.

"ఏమైనా తెలిసిందా అండీ?" అంది.

"తెలిస్తే చెప్పనా?" అని వచ్చేశాను. పాలు కొనడం మరిచిపోయాను.

మార్చి 3

ఆ చొక్కా నాకు ఇచ్చేస్తే చెప్తాను.

ఛీ. ఇదేం బేరం. నా చేతితోనే రాశానా ఇది?

మార్చి 8

ఆర్మాన్ వచ్చాడు. ఈ నెల మధ్యకల్లా సరస్సు మీద గుడిసెలన్నీ ఒడ్డుకి లాగేయాలి, లేకపోతే జరిమానా. ఐసు కూడా అంచుల దగ్గర మెత్తబడుతోందట.

"మార్లీన్‌ని అడిగాను. అటువైపు చూడను కూడా చూడనంటోంది. నువ్వు వస్తావా ఒడెట్? లోపలి సామాను ఎవరో ఒకరు తీయాలి కదా."

"నాకెందుకు! నన్నెప్పుడైనా తీసుకెళ్ళాడా అక్కడికి? ఐసు మీద ఆడవాళ్ళకేం పని అనేవాడు."

ఆర్మాన్ టోపీ అటూ ఇటూ తిప్పాడు. "ఆవిడ బాగోలేదు ఒడెట్. తిండి లేదు. మొన్న నన్ను పట్టుకుని, ఆ కన్నం మూసి ఉందా తెరిచి ఉందా, చూశావా చూశావా అని ఒకటే అడగడం. తలుపు తీసి అలా ఉన్నవాణ్ణి చూశాక నేను కన్నాలు చూస్తానా?"

"వస్తాలే," అన్నాను.

మార్చి 11

అన్నీ వరసగా రాస్తాను.

ఆర్మాన్ మంచుబండి వెనక కూర్చుని వెళ్ళాను. ఎండ బాగానే ఉంది. సగం గుడిసెలు అప్పటికే లాగేశారు. లూసియన్‌ది ఆకుపచ్చది, ఒంటరిగా ఉంది. నేను ముందు వెనకవైపు వెళ్ళి చూశాను. చుట్టూ ఎగదోసిన మంచు కరిగి గట్టిపడి ఉంది. గాలికన్నం దగ్గర మాత్రం మంచు లేదు. మోచెయ్యి పట్టేంత ఖాళీ చక్కగా వదిలి, పార వెనకతో నున్నగా కొట్టి ఉంది. అంత శ్రద్ధగా చేసి, చేసిన సంగతే మరిచిపోయింది పిచ్చిది.

తలుపు తీశాను.

లోపల రెండు కుర్చీలు ఉన్నాయి.

రెండు కన్నాలు, రెండు గాలాలు, రెండు కప్పులు. ఒక కుర్చీ మీద దిండు, దానికి అల్లిన తొడుగు. ఆడవాళ్ళకి ఐసు మీద ఏం పని అన్న మనిషి, ఆవిడ కోసం కుర్చీ వేశాడు, దిండు కూడా వేశాడు! నా మనసు ఎలా అయిపోయిందో రాయలేను. ఆ దిండు కన్నంలోకి తోసేద్దామనుకున్నాను. తోశాను కూడా. కన్నం మళ్ళీ గడ్డకట్టేసింది, దిండు ఐసు మీద చతికిలబడింది.

అప్పుడే బయట అడుగులు. మార్లీన్. ఒడ్డు నుంచి అంత దూరం నడిచి వచ్చింది, మొహం పాలిపోయి ఉంది.

"మీరున్నారని తెలియదు. ఒక్కసారి చూసి వెళ్దామని వచ్చాను. ఇటు నుంచి ఇటే పోలీసు స్టేషన్‌కి వెళ్తున్నా."

"ఎందుకు?"

"చెప్పేస్తాను. మూసింది నేనేనని. ఎవరూ అడగకపోతే నేనే చెప్పాలి కదా. ఇక నా వల్ల కావడం లేదండీ."

జాలి వేసి నోరు విప్పానని రాయాలని ఉంది. కాదు. పోలీసాయన డాక్టరుకి ఫోన్ చేస్తాడు, డాక్టరు ఎప్పుడో చెప్పానే అంటుంది, ఇదే నాకు ముందు తట్టింది.

"గ్యాసు కాదు మార్లీన్. గుండె. రక్తంలో పొగ ఆనవాలే లేదట. నీ తప్పేం లేదు. కావాలంటే వెనక్కి వెళ్ళి చూడు, కన్నం తెరిచే ఉంది."

వెళ్ళి చూడలేదు. అక్కడే ఐసు మీద కూలబడింది. నా కోటు అంచు పట్టుకుంది. అలా ఏడవడం నేను ఎవర్నీ చూడలేదు, నేను కూడా అలా ఏడవలేదు. ఆర్మాన్ తాళ్ళు సర్దుకుంటున్నట్టు నటిస్తూ దూరంగా జరిగాడు.

"ఎప్పుడు చెప్పారండీ?" అంది కాసేపటికి.

"ఇవాళ పొద్దున్నే."

"వినగానే పరుగెత్తుకొచ్చారా ఇక్కడికి!" నా చేయి రెండు చేతులతో పట్టుకుంది. "మిమ్మల్ని ఎన్ని అనుకున్నానో ఇన్నాళ్ళూ. దాచిపెడుతున్నారేమో అనుకున్నాను, క్షమించండి. ఆయన ఒకసారి అన్నాడు కూడా. ఒడెట్‌కి ముక్కు మీద కోపమే గానీ అబద్ధం చెప్పడం చేతకాదు, అంత నిజాయితీ మనిషిని నేను మళ్ళీ చూడలేదు అని."

ఏడేళ్ళు. ఏడేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ప్రతి తలా నా చేతి కిందికి వస్తే, ఆయన నా గురించి ఒక్క మాట అన్నాడేమోనని చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఒక్కరూ ఏమీ చెప్పలేదు. ఆ మాట ఆవిడ దగ్గర ఉంది. ఆవిడ ఇంట్లో, ఆవిడ ముందు అన్నాడు. అన్నది మాత్రం నా గురించి. మిగిలినవన్నీ ఆవిడే ఉంచుకోనీ, కుర్చీ, దిండు, చొక్కా, మాత్రలు. ఈ ఒక్కటీ నాకు కావాలి. నాది కావాలంటే అది నిజమై ఉండాలి.

"ఇవాళ పొద్దున్న కాదు," అన్నాను. "ఫిబ్రవరి పదమూడున చెప్పింది. నీకూ అడిగే హక్కు ఉందని చెప్పింది. నంబరు నీకు ఇమ్మంది."

నా చేయి వదిలేసింది. లేచి నిలబడింది.

"అంత్యక్రియలకి ముందే నీకు తెలుసా?"

గారూ పోయింది, అండీ పోయింది.

"తెలుసు."

"కొట్లో నేను అడిగినప్పుడు?"

"తెలుసు."

"ఎందుకు?" అంది. "ఎందుకు ఒడెట్?"

లోపలి రెండు కుర్చీల వైపు చూపించాను.

చాచి కొట్టింది. చేతికి మందపాటి ఉన్ని తొడుగు ఉంది, దెబ్బ తగల్లేదు. తనకీ అది తెలిసినట్టుంది, తొడుగు లాగి పారేసి మళ్ళీ కొట్టింది. అది తగిలింది. తర్వాత లోపలికి వెళ్ళి దిండు తీసుకుని, మంచు దులిపి, చంకలో పెట్టుకుని ఒడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

ఆర్మాన్ గుడిసె లాగాడు.

మార్చి 12

డాక్టర్ హెల్డర్ నంబరు ఆర్మాన్ చేత పంపాను. రీటాకి ఫోన్ చేసి, గుండె అని, గాలికన్నం తెరిచే ఉందని, ఊరంతా చెప్పమని చెప్పాను. ఈపాటికి చెప్పేసి ఉంటుంది.

చెంప ఇంకా కమిలి ఉంది. పోనీ.

ఆ మాట ఆయన ఎప్పుడన్నాడో అడగాల్సింది. భోజనం దగ్గరా, ట్రక్కులోనా? నవ్వుతూ అన్నాడా, నిట్టూర్చి అన్నాడా? ఇద్దరూ హాయిగా ఉన్న చోట అసలు నా ఊసు ఎందుకొచ్చింది? చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ ఇక జన్మలో నాతో మాట్లాడదు.